నాజిల్ వాసన చూసే మనిషి

పోయిన శనివారం మ్యూనిక్ శివార్లలో ఒక బంకు దగ్గర కారు ఆపి పెట్రోలు పోసుకోబోతున్నాను. వెనక సీట్లోంచి మా అమ్మాయి అద్దం దించి, "పాపా, వరుమ్ రీష్ట్ దు దరాన్?" అంది. తెలుగులో పలకరిస్తే జర్మన్‌లో, జర్మన్‌లో పలకరిస్తే ఇంకా గట్టిగా జర్మన్‌లో మాట్లాడే వయసు దానిది. దాన్నెందుకు వాసన చూస్తున్నావు అని అడుగుతోంది. అప్పుడు చూసుకున్నాను, పంపు గొట్టం చివరి నాజిల్ నా ముక్కు దగ్గరే ఉంది. పక్క పంపు దగ్గరున్న పెద్దాయన నా వంక అదోలా చూస్తున్నాడు.

ఆ అలవాటు నాది కాదు. ఆఫీసులో నాకు పైన పనిచేసిన ఒక మనిషిది. ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే, "నా పేరు ఎందుకేస్తివిరా, అడిగినవా నన్ను?" అని ఎక్కడున్నా ఫోన్ చేసే రకం. తెలుగువాళ్ళం అందరం అన్న అనేవాళ్ళం. కరోనా మొదలైన ఏడాది చలికాలంలో పోయాడు. ఇన్నేళ్ళకి ఆయన అలవాటు నా చేతిలోకి ఎలా వచ్చి కూర్చుందో నాకు తెలీదు.

కూర్చుంది అన్నాను గానీ, ఆయన విషయంలో ఆ మాట వాడకూడదు. ఆయన కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు మా ఆఫీసులో దాదాపు లేరు. మీటింగులో అందరం బల్ల చుట్టూ కూర్చుంటే ఆయన బల్ల చుట్టూ తిరిగేవాడు. టీ కప్పు ఒక కిటికీలో పెట్టి ఇంకో కిటికీలో వెతుక్కునేవాడు. ఇళ్ళ నుంచి పనిచేయడం మొదలయ్యాక మాకు తెర మీద ఆయన ముఖం తక్కువ, చొక్కా గుండీలు ఎక్కువ కనిపించేవి. ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకి ఒకసారి. మైకులో ఆయన చెప్పుల చప్పుడు.

"అన్నా, కాస్త కూర్చో. చూడలేక తల తిరుగుతోంది" అన్నానొకసారి.

"నీ తల తిరుగుడుతోని నాకేం పనిరా? చెవులు పనిజేస్తున్నయ్ గద, ఇను" అన్నాడు.

గోదావరిఖని మనిషి. వాళ్ళ నాన్న బొగ్గు గనిలో డంపరు నడిపేవాడట. డంపర్లన్నీ వాళ్ళ ఇంటి వెనక దారిలోంచే పోయేవట. "మంచం అదురుతుంటెనే నిద్రవట్టేది నాకు. గీ దేశంల ఇంత సప్పుడు లేకుంట ఉంటే మనిషి ఎట్ల పండాలె?" అన్నది ఆయన శాశ్వత ఫిర్యాదు. ఇరవై ఏళ్ళు జర్మనీలో ఉండి కూడా ఆ నిశ్శబ్దానికి అలవాటు పడలేదు. మొత్తానికి ఆయన ప్రాణమంతా డీజిల్ ఇంజను మీదే ఉండేది. మనుషుల్ని కూడా డీజిల్, పెట్రోలు అని రెండు రకాలుగా విడదీసేవాడు. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్న రోజు ఇంగ్లీషులో ఇంటర్వ్యూ అయిపోయాక, నడవాలో నడుస్తూ తెలుగులో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"పొద్దున లేస్తనే పని అందుకుంటవా, వేడెక్కనీకి టైం వడ్తదా?"

అబద్ధం చెప్పే ఓపిక లేక, "టైం పడుతుందండీ" అన్నాను.

"డీజిల్‌వి. నా దగ్గర్కి రా" అన్నాడు.

అలా ఆయన జట్టులో పడ్డాను. కొన్నాళ్ళకి ఈ కథ ఇంట్లో చెబితే నా భార్య నవ్వింది. ఆయన అప్పటికి రెండుసార్లు మా ఇంటికి భోజనానికి వచ్చి ఉన్నాడు, రెండుసార్లూ చేతిలో పళ్ళెంతో హాలంతా తిరుగుతూ తిన్నాడు. "ఆయన డీజిలేంటండీ? అన్నం ఉడికేదాకా ఆగలేని మనిషి. పచ్చి పెట్రోలు" అంది. ఆ మాట ఆయనకి చెప్పే ధైర్యం నాకు ఎప్పుడూ లేకపోయింది.

మా కంపెనీ బళ్ళు తయారుచేయదు. తయారుచేసేవాళ్ళ ఇంజన్లని పరీక్షించి, సరిచేసి ఇస్తుంది. ఆ రోజుల్లో మా చేతిలో ఉన్నది ఒక అమెరికా కంపెనీ వాళ్ళ పెద్ద పికప్. పికప్ అనగానే మనకి కూరగాయల మార్కెట్ ముందు ఆగే చిన్న బండి గుర్తొస్తుంది. ఇది అది కాదు. మెట్టెక్కి లోపలికి పోవాలి. వెనక గుర్రాల ట్రైలరు తగిలించినా, పడవ తగిలించినా కిక్కురుమనకుండా కొండెక్కాలి. అలాంటి బళ్ళకి ఏళ్ళ తరబడి డీజిల్ ఇంజనే పెద్ద దిక్కు. ఇప్పుడు వాళ్ళకి ఒక అనుమానం వచ్చింది. గాలిని బలంగా లోపలికి తోసే టర్బో బిగించిన పెట్రోలు ఇంజను పెడితే సరిపోదా అని. అది తేలిక, ఖరీదు తక్కువ, పొగని శుభ్రం చేసే సామాను కూడా తక్కువ. రెండు బళ్ళు పంపించి, నడిపి చూసి ఏది పెట్టాలో చెప్పమన్నారు.

పెట్రోలు బండి ఉల్‌రికె అనే ఆవిడ జట్టుకి, డీజిల్ బండి మా జట్టుకి. కరోనాతో పని సగానికి పడిపోయి, జీతంలో కొంత ప్రభుత్వం ఇచ్చే కుర్ట్‌సార్‌బైట్ మీద బతుకుతున్నాం. అమెరికా వాళ్ళు ఏ ఇంజను కావాలంటే ఆ జట్టు మిగులుతుంది, రెండోది మిగలదు. ఈ మాట పైవాళ్ళు పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు. నాది కొత్త బ్లూకార్డు, ఉద్యోగాన్ని బట్టి ఇచ్చే వీసా. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి ఉండేది కొద్ది నెలల గడువే. ఇంట్లో నా భార్యకి వేవిళ్ళు. రాత్రింబవళ్ళు నాకు ఒకటే ఆలోచన, డీజిల్ గెలవాలి. గెలిపించగలిగిన మనిషి ఆయనొక్కడే.

ఆ పికప్ బరువుకి ఇక్కడ మామూలు లైసెన్సు చాలదు, లారీ లైసెన్సు కావాలి. మా జట్టులో అది ఉన్నది ఆయనకే. ఆ కార్డు ముక్క చూపించేటప్పుడు మాత్రం పదో క్లాసు పాసైన కుర్రాడిలా ఉండేవాడు. బండికి డీజిల్ కూడా ఇంకొకరిని పోయనిచ్చేవాడు కాదు. పోసే ముందు మాస్కు గడ్డం కిందికి లాగి, నాజిల్ని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం పీల్చి, తల ఊపి, అప్పుడు ట్యాంకులో పెట్టేవాడు. గుళ్ళో తీర్థం తీసుకున్నంత శ్రద్ధ.

"పంపు మీద రాసే ఉంది కదన్నా" అన్నాను మొదట్లో.

"రాసినోడు మనిషేనా కాదా? మనిషన్నాక తప్పు రాస్తడు. రంగు సూద్దామంటే ఒక్కో బంకుల ఒక్కో రంగు. ముక్కు అబద్ధం జెప్పదురా."

కరోనా మొదలైన వసంతంలో బవేరియాలో సరైన కారణం లేకుండా గడప దాటకూడదన్నారు. కాలుగాలిన పిల్లిలా తిరిగే మనిషిని మూడు గదుల ఫ్లాట్లో పెడితే ఏమవుతుంది? వదిన ఫోన్ చేసి, "మీ అన్న తిరిగీ తిరిగీ కార్పెట్టు అరగదీసిండు" అని మొత్తుకుంది. ఒక ఆదివారం పగలు ఆయన దగ్గర్నుంచి కాల్ వచ్చింది. వెనక ఇంజను చప్పుడు.

"అన్నా, ఎక్కడికి?"

"ఏడికీ లేదు. ఆటోబాన్ మీద ఉన్న. నా కారుకు పచ్చ లైటు ఎల్గింది."

ఆటోబాన్ అంటే ఇక్కడి హైవే, పచ్చ అంటే ఆయన భాషలో పసుపు. ఆయన సొంత కారు కూడా డీజిలే. డీజిల్ కారుకి పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. దూరాలు తోలి వేడెక్కిస్తే ఆ మసి దానంతటదే కాలిపోతుంది. కొట్టుకీ ఇంటికీ మధ్య తిప్పితే ఫిల్టరు నిండిపోయి లైటు వెలుగుతుంది. చివరికి బండి చస్తుంది. లాక్‌డౌన్‌లో ఈయన కారుకి అదే జరిగింది. నాకు విషయం చెబుతూనే ఉన్నాడు, వెనక నుంచి సైరన్ ఒక్కసారి కూసి ఆగింది. ఫోన్ పెట్టమంటే పెట్టలేదు. అద్దం దిగిన చప్పుడు, తర్వాత పోలీసు గొంతు, అన్నీ నాకు వినపడుతున్నాయి.

"ఎక్కడికి వెళ్తున్నారు?"

"ఎక్కడికీ వెళ్ళడం లేదు" అన్నాడు ఈయన తన గట్టి జర్మన్‌లో.

"బయటికి రావడానికి కారణం?"

"ఫిల్టరు."

నేను తల పట్టుకున్నాను. ఈయన మాత్రం మసి గురించి, వేడి గురించి, ఇంజనుని ఏ గేరులో ఎంత వేగంతో తిప్పాలన్న దాని గురించి తాపీగా పాఠం చెప్పాడు. అది అయిపోయేసరికి నేను జరిమానా ఎంతుంటుందా అని ఆలోచిస్తున్నాను.

"ఎంతసేపు తోలాలి?" అని అడిగాడు పోలీసు.

"లైటు ఆరేదాకా."

"మా ఇంట్లోదీ డీజిలే. దానికీ లైటు వెలుగుతోంది" అన్నాడు పోలీసు గొంతు తగ్గించి. "ఈ ఒక్కసారికి పొండి. దారిలో ఎక్కడా దిగొద్దు."

అద్దం పైకెళ్ళింది. ఈయన పగలబడి నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గేరు వేసి మళ్ళీ కదిలాడు.

"ఇన్నవా తమ్మీ?" అన్నాడు. "డీజిల్‌ను ఇంట్ల కూసోవెడితే దానికి ఊపిరాడది. ఇప్పుడు ఈ దేశంల ఎన్ని కార్లు గిట్ల సస్తున్నయో."

ఆ మాట ఆయన్ని పట్టుకుని వదల్లేదు. తర్వాత ఏ మీటింగులో ఏ మాట నడుస్తున్నా మధ్యలో ఆగి, "అసలు ఆ పికప్ కొనేటోళ్ళు దాంతోని ఏం జేస్తరు?" అని అడిగేవాడు. ఆ లెక్కలు అమెరికా నుంచి ఇంకా రాలేదు. నాకేమో ఆ ప్రశ్న నచ్చేది కాదు. కొనేవాడు ఏం చేస్తే మనకెందుకు, మన ఇంజను గెలిస్తే చాలు అన్నది నా గోల.

ఎండలు తగ్గాక రెండు బళ్ళకీ ఒకే బరువు తగిలించి ఆల్ప్స్ వైపు ఒక ఎత్తు రోడ్డు ఎక్కించాం. పెట్రోలు బండి మేమనుకున్నట్టు మధ్యలో చతికిలబడలేదు. డీజిల్‌తో సమానంగా ఎక్కేసింది. పైన ఆపినప్పుడు దాని టర్బో ఎర్రగా కాలి ఉంది, ట్యాంకులో పెట్రోలు మాత్రం చెప్పుకోలేనంత దిగింది. అన్న దాని చుట్టూ ప్రదక్షిణాలు చేశాడు.

"మంచిగ లాగింది. కాని తాగుబోతు" అన్నాడు ఉల్‌రికెతో, జర్మన్‌లోనే.

ఆవిడ నవ్వి, "లాగినప్పుడే కదా తాగేది. నిన్న అమెరికా నుంచి లెక్కలొచ్చాయి. ఈ బళ్ళు కొన్నవాళ్ళలో ఎక్కువమంది వెనక ఏమీ తగిలించకుండా పక్క వీధి దుకాణానికి పోతున్నారు" అంది.

ఆయనకి అది తగలాల్సిన చోట తగిలింది. పార్కింగులో ఒక చివర నుంచి ఇంకో చివరికి నడవడం మొదలుపెట్టాడు. మేము ఫ్లాస్కులో కాఫీ తాగడం అయిపోయింది, బళ్ళు చల్లారాయి, ఆయన ఇంకా నడుస్తూనే ఉన్నాడు.

అక్టోబరు చివర్లో ఆఖరి పరీక్ష. అమెరికా వాళ్ళు రావడానికి విమానాలు లేవు కాబట్టి బళ్ళలో కెమెరాలు బిగించాం. వాళ్ళు తెర మీద చూస్తారు. మా డీజిల్‌కి బరువు లాగడంలో ఎంత నిలకడ ఉందో, ఎంత తక్కువ తాగుతుందో వాళ్ళ కళ్ళకి చూపించే అవకాశం అదొక్కటే. నా భార్యకి అప్పటికి నెలలు నిండాయి. అన్ననీ నన్నూ ఒకే బండిలో పొమ్మన్నారు మేనేజర్లు.

"అదేం కుదరది" అన్నాడు అన్న. "వాని ఇంట్ల నిండు మనిషి ఉంది. నేను నా బండ్ల, వాడు వాని కార్ల. మాట్లాడేదుంటే ఫోన్ల మాట్లాడుకుంటం."

పికప్ వెనకాలే నా కారులో బయల్దేరాను. దారిలో ఎప్పుడూ ఆగే బంకు మూసి ఉంటే ఇంకో బంకులో ఆగాం. ఆయన దిగాడు. ఎత్తు రోడ్డులో ఏ వేగం పట్టాలో నాతో ఫోన్లో చెబుతూనే, అటు చూడకుండా చెయ్యి చాపి, చివరన ఉన్న నాజిల్ తీశాడు. మేమెప్పుడూ ఆగే బంకులో డీజిల్ చివరనే ఉండేది. మాస్కు దించి, కళ్ళు మూసుకుని పీల్చాడు. తల ఊపాడు. పోశాడు. నేను నా కారులోంచి చూస్తూనే ఉన్నాను. నాకు ఏ అనుమానమూ రాలేదు. ఆయన ముక్కు మీద అనుమానం ఎవరికి వస్తుంది?

ఇర్షెన్‌బెర్గ్ కొండ ఎక్కుడు దగ్గర పికప్ నెమ్మదించింది. ఇంజనులోంచి గుప్పెడు మేకులు డబ్బాలో పోసి ఊపినట్టు చప్పుడు. పక్కకి తీసి ఆపేశాడు. ఆపాడు అనేకంటే అదే ఆగిపోయింది. నేను వెనకాల ఆపి దిగేసరికి ఆయన ట్యాంకు మూత తీసి ముక్కు పెట్టి ఉన్నాడు.

"డీజిలే గదరా" అన్నాడు దూరం జరిగి. "నువ్వు సూడు."

నేను మాస్కు దించి వంగాను. వంగక ముందే గుప్పుమంది.

"అన్నా... ఇది పెట్రోలు."

కోప్పడతాడనుకున్నాను. నా ముఖంలోకి ఒకసారి చూసి, నేను పక్కకి తప్పుకున్నాక మళ్ళీ వంగి వాసన చూశాడు. తర్వాత క్యాబిన్‌లోకి ఎక్కి, వదిన కట్టిచ్చిన టిఫిన్ డబ్బా తెచ్చాడు. మూత తీస్తే వెల్లుల్లి కారం వాసన బండికి ఆ చివర నిలబడ్డ నాదాకా వచ్చింది. ఆయన డబ్బాలో ముఖం పెట్టి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. డబ్బా మూత మెల్లగా బిగించాడు. మాస్కు ముక్కు పైదాకా లాక్కుని రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. ఆ మనిషి కదలకుండా నిలబడడం నేను చూడడం అదే మొదలు.

"నువ్వు ఇంటికి పో" అన్నాడు.

"టెస్టు? అమెరికా వాళ్ళు చూస్తుంటారు కదా..."

"ఇంటికి పో అన్న. చెల్లె దగ్గర్కి పోకు. వేరే రూంల ఉండు. నాకు అంటుకుంది."

"నిన్నొక్కణ్ణే రోడ్డు మీద వదిలి ఎలా పోతానన్నా?"

"టో బండికి ఫోన్ జేస్త, వస్తది. నిలవడకు తమ్మీ, నీ దండం వెడ్త. నడువు."

ఆయన దండం పెట్టడం కూడా అదే మొదలు. కారెక్కి కదిలాక అద్దంలో చూశాను. పికప్ తలుపులు, అద్దాలు అన్నీ వేసుకుని లోపల కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి. ఇంజను పోయింది కాబట్టి లోపల హీటరు కూడా ఉండదు. నాకు ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నం పెట్రోలు బండి ఒక్కటే కొండెక్కింది. తెల్లారేసరికి ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది. జన్మంతా డీజిల్ డీజిల్ అని అరిచిన మనిషి డీజిల్ నోట్లో పెట్రోలు పోశాడని నవ్వుకున్నారు. పెట్రోలులో జిడ్డు ఉండదు కాబట్టి డీజిల్ పంపు లోపల ఎండిపోయి ఒరుసుకుని, ఇనపరజను ఇంజనంతా పాకింది. ఆయనకి కరోనా అని రిపోర్టు వచ్చాక నవ్వులు ఆగాయి. నాకు కరోనా రాలేదు. నా భార్యకి రాలేదు. ఒకే బండిలో పొమ్మన్న మాట ఆయన విని ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ ఆలోచన వస్తుంది, వస్తే పక్కకి తోసేస్తాను.

వారం తర్వాత అమెరికా వాళ్ళతో ఆఖరి మీటింగు. అంతకుముందు రోజు నేను ఆయనకి ఫోన్ చేశాను. ఇంట్లోనే ఒక గదిలో ఉన్నాడు. దగ్గుతున్నాడు.

"గడువు అడుగు అన్నా. బండి బాగుచేసి మళ్ళీ చూపిస్తామను. ఒంట్లో బాగాలేక జరిగింది కదా, వాళ్ళు కాదనరు. నువ్వడిగితే వింటారు."

"సూద్దాం తియ్" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆ రోజంతా బతికాను.

మీటింగులో ఆయన కెమెరా ఆపేసి ఉంది. మైకులో చెప్పుల చప్పుడు లేదు. ఆయన వంతు వచ్చినప్పుడు అందరం ఎదురుచూసిన మాట, ఇంకో పరీక్ష కావాలన్న మాట, ఆయన అనలేదు. ఒక్కో వాక్యానికీ ఆగి ఊపిరి తీసుకుంటూ ఇంగ్లీషులో చెప్పాడు. "డీజిల్‌కి ఇంకో పరీక్ష అక్కర్లేదు. అది లాగుతుందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. రోజూ బరువు లాగేవాడు వస్తే వాడికి డీజిలే ఇవ్వండి, ఇంకేదీ ఇవ్వకండి. కానీ మీ బళ్ళు కొనేవాళ్ళలో ఎక్కువమంది ఖాళీ బండి తోలేవాళ్ళు. దగ్గర దూరాలకి ఖాళీగా తిప్పితే డీజిల్‌కి ఊపిరాడదు. వాళ్ళకి పెట్రోలు పెట్టండి. అది బాగుంది. మా ఉల్‌రికె బాగా చేసింది." తర్వాత బండిలో పెట్రోలు పోసినందుకు క్షమించమన్నాడు. దగ్గు తెర రావడంతో మైకు కట్ చేసుకున్నాడు.

నాకు కోపం వచ్చింది. దాచుకోవడం దేనికి, చాలా కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ భయం వేసింది. పక్కగదిలో నా భార్య బిడ్డ బట్టలు మడతపెడుతోంది. వెంటనే ఆయనకి ఫోన్ చేశాను.

"ఎందుకన్నా అలా అన్నావు?"

"మరేం అనాలె? ఖాళీగ తిప్పి సంపెటోని చేతుల దాన్ని ఎందుకు వెట్టాలెరా?"

"మరి మన సంగతి?"

"మనం ఇంజన్లమారా? మనుషులం. ఏది వోస్తే అది తాగి నడుస్తం." నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగలేదు. వదిన గొంతు వినిపించింది, "ఇగ చాలు, ఫోన్ పెట్టయ్యా నువ్వు" అని.

రెండ్రోజులకి ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. అదే వారం మా అమ్మాయి పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. డాక్టరు వీపు మీద తట్టి, అరికాళ్ళు రుద్ది, ఏదో జర్మన్‌లో బతిమాలింది. కాసేపటికి పాప మెల్లగా అందుకుని, ఇక ఆపకుండా ఏడ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఫొటో తీసి అన్నకి పంపిస్తూ ఆ సంగతి కూడా రాశాను. జవాబు వస్తుందనుకోలేదు. సాయంత్రానికి ఆయన గొంతుతో చిన్న వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆక్సిజన్ చప్పుడు మధ్యలో మాట విడివిడిగా వినిపించింది.

"లేటుగ... అందుకుందా? డీజిల్‌రా... మన జట్టుల... ఒక మనిషి వెరిగింది."

అప్పటికి మన జట్టు అనేది లేదు. అమెరికా వాళ్ళు పెట్రోలు ఇంజనే ఖాయం చేసుకున్నారని ఆ ఉదయమే ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఆయనకి అది వెళ్ళిందో లేదో, చూశాడో లేదో నాకు తెలీదు. "అవునన్నా" అని మాత్రం రాశాను. ఆ తర్వాత ఆయన దగ్గర్నుంచి ఏమీ రాలేదు. పది పన్నెండు రోజుల తర్వాత వదిన ఫోన్ చేసింది. ఆమె ఏడవలేదు. "మీ అన్న ఆఖరికి ఒక్కతాన ఊకున్నడు తమ్మీ" అంది.

దహనానికి కొద్దిమందినే రానిచ్చారు. ఫోన్లో చూశాను, బొమ్మ మాటిమాటికీ ఆగిపోయింది. ఆఫీసు వాళ్ళు తెర మీదే ఒక నిమిషం మౌనం పాటించారు. అందరూ మైకులు ఆపుకుని, కెమెరాల ముందు తలలు వంచి కూర్చున్నారు. ఆ తెర మీద ఎవరూ అటూ ఇటూ నడవకపోవడం నాకు భరించలేనంత వింతగా అనిపించింది. నేనే లేచి గదిలో తిరిగాను.

ఆ నెలాఖరున ఉల్‌రికె ఫోన్ చేసి, తన జట్టులోకి రమ్మంది. నేను నమ్మలేదు. డీజిల్ తప్ప నాకేమీ రాదని ఆవిడకి తెలుసు.

"మీ వాడు ఫోన్ చేశాడు" అంది. "ఆ మీటింగుకి ముందు రోజు. మా కుర్రాడొకడున్నాడు, వేడెక్కడానికి టైం పడుతుంది, వేడెక్కాక ఆగడు, నువ్వు తీసుకో అన్నాడు. నేను సరే అనేదాకా దగ్గుతూనే ఉన్నాడు గానీ ఫోన్ పెట్టలేదు."

మీటింగుకి ముందు రోజు. అంటే గడువు అడగమని నేను బతిమాలిన రోజు. "సూద్దాం తియ్" అని నాతో అన్న తర్వాతో, అనడానికి ముందో తెలీదు. మా జట్టులో మిగిలినవాళ్ళ కోసం కూడా ఆ గదిలోంచే ఎవరెవరికో ఫోన్లు చేశాడని తర్వాత తెలిసింది. ఒకరు ఇప్పుడు ఎర్లాంగెన్‌లో పనిచేస్తున్నారు, ఒకరు కెమ్నిట్జ్‌లో. నిలబడే ఓపిక లేని రోజుల్లో కూడా ఆయన ఒక చోట ఊరికే లేడన్నమాట.

బంకులో నాజిల్ పట్టుకుని నిలబడ్డ నాకు ఇదంతా గుర్తొచ్చింది. పెట్రోలు ఇంజన్ల జట్టులో ఏళ్ళుగా పనిచేస్తున్నాను. నా కారు కూడా పెట్రోలే. వేసవిలో ఆ అమెరికా పికప్ ఒకటి సెలవులకొచ్చిన ఎవరిదో మా వీధిలో ఆగితే, వెనక ఏమైనా తగిలించాడేమోనని వెళ్ళి చూశాను. ఏమీ లేదు. లోపల ఒక మనిషి, ఒక బ్రెడ్డు సంచి ఉన్నాయి. ఆయన చెప్పిందే నిజం.

ఆయన చెప్పినవాటిలో ఒక్కటే తప్పింది. మా అమ్మాయి డీజిల్ కాదు. ఒక చోట కూర్చోదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని బల్ల చుట్టూ తిరుగుతుంది. "చూశారా, ఆయన ఎవర్ని పంపించాడో" అంటుంది నా భార్య.

అది ఇంకా అద్దంలోంచి నన్నే చూస్తోంది. దానికి జవాబు చెప్పాలి. ఏది పెట్రోలో ఏది డీజిలో తెలియక కాదు నేను చూసింది. పంపు మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది.

"నాకు వాసన వస్తోందో లేదో చూసుకుంటున్నానమ్మా" అన్నాను తెలుగులో.

"ఉండ్?" అంది. వస్తోందా మరి అని.

"వస్తోంది."

"దన్ ఫార్ దొఖ్!" అని నా సీటుని వెనకనుంచి కాలితో తన్నింది. అయితే ఇంక పద, అని.